చేతులు మారిన బండి, మారని కాగితము

పి. గన్నవరము అక్విడక్టు మీద సాయంకాలవేళ నొక్క గడియసేపు నిలిచి చూచినవారికి కోనసీమ యెంత యిరుకైన బాటపై నడచుచున్నదో తెలియగలదు. క్రింద వైనతేయ గోదావరి, పైని కాలువనీరు, ఆ ప్రక్కనే బస్సులు, కొబ్బరికాయల లారీలు, ధాన్యపు ట్రాక్టర్లు, బడిపిల్లల ఆటోలు. పాత కట్టడము కాటన్ దొర కాలము నాటిది. క్రొత్తది డొక్కా సీతమ్మగారి పేరు వహించినది. ఈ దారిని పోవు బండ్లలో నేది యెవరిదో చెప్పగలవారెవరు? ఇది రవాణా కార్యాలయపు గుమాస్తాల చింతయే గాని మనది కాదని యింతకాల మనుకొంటిమి. అట్లనుకొను కాలము గడచిపోయినది.

2025 నవంబరు 10వ తేదీ సాయంకాలము ఢిల్లీలో ఎర్రకోట దాపున నొక కారు ప్రేలి పదిమందికి పైగా మరణించిరి. కేంద్ర ప్రభుత్వము దానిని ఉగ్రవాద చర్యగా ప్రకటించి, విచారణను జాతీయ దర్యాప్తు సంస్థ కప్పగించినది. పోలీసులు కారు నంబరు పట్టుకొని పోగా మొదట దొరికినవాడు దాని నెన్నడో అమ్ముకొన్నవాడు! 2019 ఫిబ్రవరి 14వ తేదీన పుల్వామాలో 40 మంది జవానులను బలిగొన్న బండియు నట్లే ఏడు చేతులు మారి వచ్చినదని దర్యాప్తులో తేలెను.

ఇది ఉత్తరదేశపు గొడవయని మనవారు తలపరాదు. 1997 నవంబరు 19వ తేదీన హైదరాబాదు జూబిలీహిల్సులో, ముఠాకక్షల కారణమున, దారి ప్రక్క నిలిపిన కారులోని బాంబు ప్రేలి 26 మంది హతులైరి. 2013 ఫిబ్రవరి 21వ తేదీన దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు మోసినవి సైకిళ్లు. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రజాభద్రతా చట్టమును చేసినది. జనము గుమిగూడు స్థలముల యజమానులు కెమేరాలు పెట్టి, ఆ చిత్రములను 30 దినములు భద్రపరుపవలెనని దాని శాసనము. చట్టము మంచిదే. కాని కెమేరా చూచును, ఆపలేదు.

అసలు బాంబే అక్కరలేని విధము మరియొకటి పుట్టినది. 2016 జూలై 14వ తేదీన ఫ్రాన్సులోని నీస్ నగరమున, ఉత్సవము చూడ వచ్చిన జనముపైకి లారీ తోలి యొక దుర్మార్గుడు 86 మందిని చంపెను. అటుపిమ్మటనే అచ్చటి సముద్రతీరపు బాటకు శాశ్వతమైన అడ్డుకట్టలు వచ్చినవి. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ కథ మరింత విచారకరము. అచ్చట వీధికి అడ్డుగా ఇనుపస్తంభములు ముందే యుండెడివి. అవి చెడిపోగా క్రొత్తవి పెట్టుటకై పాతవానిని తీసివేసిరి. ఆ సందున, 2025 జనవరి 1వ తేదీన, 14 మంది ప్రాణములు పోయినవి.

మన సీమలో కనుమనాడు మోసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివచ్చును. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటమై నడచిన తీర్థమది. ప్రభలు భుజములమీద పచ్చని వరిచేల నడుమ వచ్చును. పైరు త్రొక్కుడు పడినను రైతు శుభమనియే యెంచును. చేలగట్లపై లారీ రాదు. భయమంతయు తోటకు జనము నడచివచ్చు రోడ్డు మీదనే. అచ్చట వెదురుగడయు, తాడును, అలసిన కానిస్టేబులును చాలునా? తీసి పెట్టుటకు వీలైన ఇనుపస్తంభములను నాటి, అంబులెన్సుకు వేరుదారి విడుచుట జిల్లా యధికారులకు పెద్ద ఖర్చు కాదు. మంత్రిగారు వచ్చునాటి బందోబస్తులో పదవవంతు జనము వచ్చునాడుండిన చాలును.

తనిఖీలకు మేము విరోధులము కాము. కాని అంబాజీపేటకు పోవు కొబ్బరి రైతును గంటలకొలది నిలిపి, రంగుటద్దముల కారుకు సలాము కొట్టి పంపునది తనిఖీ యనిపించుకొనదు.

ఇక మన తప్పు. మనలో నెందరు పాతకారు నమ్మి, రూపాయలు లెక్కించుకొని, సంతకము పెట్టిన ఖాళీ ఫారములను దళారి చేతికిచ్చి యూరకుండలేదు? 1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము, రాష్ట్రములోనే యమ్మినచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రిజిస్ట్రేషను అధికారికి తెలియజేయవలెను. కాగితములో పేరున్నంతకాలము ప్రమాదపు నష్టపరిహారమునకు ఆ పేరుగలవాడే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. పరిహారమునకే యిట్లైన, ప్రేలిన కారు మన పేర నుండినచో గతియేమి? నంబరులేని ట్రక్కును ట్రాక్టరు వెనుక కట్టి రోడ్డెక్కించు మోతుబరులును ఈ మాట నాలోచింపవలెను.

రవాణాశాఖవారు కార్యాలయమున కూర్చుండుట మాని, మండలమునకొక దినము చొప్పున పి. గన్నవరము, అంబాజీపేట, రాజోలులలో పేరుమార్పు శిబిరములు పెట్టి, దళారి లేకుండ అక్కడికక్కడనే పని ముగించి పంపవలెనని కోరుచున్నాము. జగ్గన్నతోట రోడ్డుపై స్తంభములెచ్చట నాటుదురో, తాళపుచెవి యెవరియొద్ద నుండునో రాబోవు కనుమకు నెలదినముల ముందే పోలీసువారు గ్రామములలో చాటింపు వేయింతురా?