పట్టికల చుట్టరికము

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదిన, విజయదశమినాడు, మన నాగల్‌గిద్ద మనూరు మండలమునుండి వేఱుపడి తానే యొక మండలమయ్యెను. ఆనాడే యీ రెండు మండలములును మెదకు జిల్లాను విడిచి, క్రొత్తగా నేర్పడిన సంగారెడ్డి జిల్లాలో చేరెను. ఇట్టి మార్పు కలిగినపుడు కంప్యూటరునందలి పట్టికలను దిద్దుట యెట్లు? దీనిని మన విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

ప్రతి గ్రామమున కెదురుగా జిల్లా పేరు వ్రాసియుంచినచో, అన్ని పంక్తులను దిద్దవలసివచ్చును. ఒక్కటి తప్పినను లెక్క చెడును. అట్లుగాక, గ్రామము తన మండలమును, మండలము తన జిల్లాను మాత్రమే చూపుచున్నచో, మనూరు పంక్తిలో నొక్క గుర్తు మార్చిన చాలును. దాని గ్రామములన్నియు వెంటవచ్చును. నాగల్‌గిద్దకు ఒక క్రొత్త పంక్తి చేర్చి, దానికి వచ్చిన గ్రామముల గుర్తులను ఆవైపునకు త్రిప్పవలెను. ఈ పద్ధతికి పునాది 1970లో ఎడ్గర్ కాడ్ ప్రకటించిన వ్యాసము.

2005లో వెలువడిన జాంగో అను వెబ్ ఫ్రేమ్‌వర్కునందు ఒక్కొక్క పట్టికకు ఒక్కొక్క మోడలు వ్రాయుదురు. మోడళ్ల చుట్టరికములు మూడు విధములు. అనేక గ్రామములు ఒకే మండలమునకు చెందుట ఫారిన్ కీ. బిడ్డయే తండ్రి యింటిపేరు ధరించునట్లు, ఈ గుర్తు గ్రామముననే యుండును గాని మండలమున నుండదు. ఒక బాలుడు పెక్కు ఆటలాడుట, ఒక ఆటను పెక్కుమంది బాలురాడుట మెనీ టు మెనీ. దీనికి నడుమ మూడవ పట్టిక యొకటి యుండును. ఒక విద్యార్థికి ఒకే ప్రవేశపత్రము, ఆ పత్రము ఆ విద్యార్థికే చెందుట వన్ టు వన్.

ఇక ముఖ్యమైన సంగతి. ఒక ఉపాధ్యాయుడు బదిలీయై పోగా, కార్యాలయమువారు ఆయన పేరు తొలగించిరనుకొందము. ఆయన తరగతి పిల్లల గతి యేమి? ఫారిన్ కీ వ్రాయునపుడే దీనికి ఉత్తరమీయవలెనని 2017లో వచ్చిన జాంగో 2.0 నిర్బంధించెను. కాస్కేడ్ అని వ్రాసినచో ఉపాధ్యాయునితోపాటు పిల్లల పంక్తులును తుడిచిపెట్టుకొనిపోవును. ప్రొటెక్ట్ అన్నచో, పిల్లలున్నంతవరకు ఆ పేరు తొలగింపనీయదు. సెట్ నల్ అన్నచో పిల్లలు నిలుతురు, ఉపాధ్యాయుని స్థానము మాత్రము ఖాళీయగును. అయితే ఆ స్థానము ఖాళీగా నుండవచ్చునని ముందే తెలుపవలయును.

పరీక్షకు సిద్ధమైన బాలిక పేరు, ఆమె దోషమేమియు లేకయే, ఒక్క మాట పొరపాటున మాయము కారాదు. కావున చుట్టరికము కలుపునపుడే, అది తెగినచో నెవరికి నష్టమో యోచింపవలయునని మా మనవి.