పువ్వుతో విరిచే గొర్రెపాలు



ఇవాళ గొర్రెల గురించి చెప్పుకుందామంటే మీలో కొందరు ముఖం చిట్లిస్తారేమో! పట్నంలో కాపురముండే మనకి గొర్రెలతో ఏం పని అంటారు. కాస్త ఓపిక పట్టండి, ఈ కబురు తిరిగి తిరిగి మీ పాలగిన్నె దగ్గరికే వస్తుంది.

తెలుగునాట గొర్రెలకేం కొదవలేదు. 2019 పశుగణనలో దేశం మొత్తంమీద గొర్రెలు ఎక్కువున్నది తెలంగాణలో, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో. అయితే మన నెల్లూరు గొర్రె మాంసానికి, దక్కనీ గొర్రె మాంసానికీ గొంగళికీ. వాటి పాలు పిల్లలు తాగడానికే సరిపోతాయి. పాలకోసమే గొర్రెను పెంచడమనేది మనకి కొత్త. పోర్చుగల్ దేశపు కొండల్లో అది తరతరాల అలవాటు.

ఆ దేశం నడిమి భాగాన సెర్రా ద ఎష్ట్రేల అనే పర్వతశ్రేణి ఉంది. నక్షత్ర పర్వతమని ఆ పేరుకర్థం. దాని శిఖరం ఎత్తు 1993 మీటర్లు. ద్వీపాలను మినహాయిస్తే ఆ దేశంలో అంతకు మించిన ఎత్తు లేదు. చలికాలం మంచు కురుస్తుంది. అక్కడి గొర్రెజాతికీ ఆ కొండ పేరే. పోతుకీ ఆడదానికీ కూడా మెలితిరిగిన కొమ్ములుంటాయి. ఎక్కువ మందలు తెల్లవి, కొన్ని నల్లవి. ఎండాకాలం కాపరులు వాటిని పైకి, పచ్చికబయళ్ళకి తోలుకెళతారు. చలి ముదిరితే కిందికి దింపుతారు. ఈతలు ఎక్కువగా శరదృతువులో కాబట్టి, పాలు చలికాలమంతా దొరుకుతాయి.

ఎన్ని పాలంటారా? రోజుకి సుమారు లీటరు. ఇంతేనా అని పెదవి విరవకండి. ఆ లీటరు చిక్కదనం వేరు. ఆవుపాలలో వెన్న 4 శాతం ఉంటే గొర్రెపాలలో 7 శాతం దాకా, అంటే మన గేదెపాలకి దీటుగా ఉంటుంది. మాంసకృత్తులు గేదెపాలకంటే కూడా ఎక్కువే. అందుకే ఆవుపాలతో కిలో చీజ్ చెయ్యడానికి దాదాపు 10 లీటర్లు పడితే, ఈ పాలు 5, 6 లీటర్లు చాలు.

చీజ్ అంటే మనవాళ్ళు జున్ను అని రాసేస్తారు కానీ రెండూ ఒకటి కావు. ఈనిన కొత్తలో పిండిన పాలు వేడికే గట్టిపడితే అది జున్ను. మరిగే పాలలో నిమ్మరసం పిండితే పులుపుకి విరిగి పనీర్ అవుతుంది. పెరుగు తోడులోని సూక్ష్మజీవుల పని. చీజ్‌కి వీటన్నిటికీ భిన్నమైన ఉపాయం కావాలి. పాలలోని మాంసకృత్తిని కత్తిరించి ముద్దకట్టించే ఒక ఎంజైము వెయ్యాలి. దాన్ని రెన్నెట్ అంటారు. యూరప్‌లో పూర్వంనుంచీ దాన్ని కోసిన లేగదూడ కడుపు పొరలోంచి తీసేవారు. ఇది వినగానే మనలో చాలామందికి చీజ్ మీద మనసు విరిగిపోతుంది. ఆ సంకోచం సహజమే.

ఇక్కడే నక్షత్ర పర్వతపు ఆడవాళ్ళని మెచ్చుకోవాలి. వాళ్ళు వాడేది దూడ కడుపు కాదు, ఒక ముళ్ళమొక్క పువ్వు! కార్దో అని పిలుస్తారు. మన కుసుమ చేలల్లో ముళ్ళతో నిలబడే పువ్వును చూశారా? దాని కుటుంబానిదే ఇదీ. వేసవిలో పూసిన పువ్వుల్లోంచి ఊదారంగు పోగులు తెంపి, నీడలో ఆరబెట్టి, ఏడాదికి సరిపడా దాచుకుంటారు. కావలసినప్పుడు చిటికెడు తీసి ఉప్పుతో నూరి, నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, ఆ రసాన్ని పాలలో పోస్తారు. ముళ్ళపువ్వుతో పాలు విరుస్తారని మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత కొలుమెల్ల రాశాడు. ఎంత పాత పద్ధతో చూడండి! ఎక్కువైతే మాత్రం చేదు. ఆవుపాలకైతే ఆ చేదు మరీ తొందరగా ఎక్కుతుంది, గొర్రెపాలకి చక్కగా కుదురుతుంది.

పాలు కాచరు. పచ్చిపాలనే 30 డిగ్రీలకి, అంటే వేలు పెడితే గోరువెచ్చగా కూడా తోచనంతగా వేడిచేసి పువ్వురసం కలుపుతారు. ఇంచుమించు గంటకి గడ్డకడుతుంది. దాన్ని చేత్తో నెమ్మదిగా నొక్కుతూ తేటనీరు ఓడ్చాలి. ఈ పని అనాదిగా ఆడవాళ్ళదే. చల్లని చేతులున్న మనిషి చేస్తే చీజ్ బాగా కుదురుతుందని అక్కడి నమ్మకం. మనం ఆవకాయకి చెయ్యి మంచిదవ్వాలంటామే, అలాగన్నమాట. అయితే దీనికి కారణమూ లేకపోలేదు, వేడి చేతికి వెన్న కరిగి తేటతో పోతుంది కదా! తర్వాత గుండ్రటి కట్టులో పెట్టి, పక్కలు జారిపోకుండా గుడ్డపీలిక చుట్టి, తేమగల చల్లని గదిలో రోజుల తరబడి తిప్పుతూ, కడుగుతూ సాకుతారు. పువ్వులోని ఎంజైము అక్కడా ఊరుకోదు, లోపల మెత్తబరుస్తూనే ఉంటుంది. నెల దాటేసరికి పైన పెచ్చు, లోపల వెన్నముద్ద.

ఓడ్చిన తేటనీరు పారబోస్తారనుకున్నారా? దాన్ని బాగా కాచి, పైకి తేలిన మీగడలాంటి ముద్దను తీసి, గుమ్మడికాయ పాకంతో తింటారు.

ఇంత ఉన్నా ఈ గొర్రెకి గడ్డుకాలమే. లకోన్, అస్సాఫ్ వంటి బయటి జాతులు దీనికంటే ఎంతో ఎక్కువ పాలిస్తాయి. నాలుగు డబ్బులు చూసుకునే కాపరి అటు మొగ్గితే తప్పుపట్టలేం. కాపరులు ముసలివాళ్ళవుతున్నారు, పిల్లలు పట్నం దారి పడుతున్నారు. దానికితోడు కార్చిచ్చులు. 2017 అక్టోబరు మంటల్లో ఆ ప్రాంతంలో వేలకొద్దీ గొర్రెలు మాడిపోయాయి. 2022 ఆగస్టులో ఆ కొండల్లోనే 20 వేల హెక్టార్లకు పైగా తగలబడింది. మేతే బూడిదయితే బతికిన మంద ఏం తింటుంది?

దీన్ని నిలబెడుతున్నది చాలావరకు ఒక నిబంధన. 1996నుంచి యూరప్ చట్టం ప్రకారం ఆ చీజ్‌కి ఆ పేరు పెట్టాలంటే, పాలు ఆ ప్రాంతంలోవే కావాలి, అదీ ఈ జాతివో, దాని పొరుగుజాతి మొందెగైరవో మాత్రమే. బయటి జాతి గొర్రె ఎన్ని పాలిచ్చినా ఆ పేరూ రాదు, ఆ ధరా రాదు. నన్నడిగితే గొర్రెను బతికించడానికి సానుభూతికంటే ఈ ధరే గట్టి ఆసరా.

మన బజారులో చీజ్ కొనేటప్పుడు ఆకుపచ్చ చుక్క ఉంటే దూడ రెన్నెట్ వాడలేదని అర్థం. ఎవరైనా విదేశాలనుంచి వస్తూ ఈ పువ్వు చీజ్ తెచ్చిపెడితే, ముందుగా గంటసేపు ఫ్రిజ్ బయట ఉంచండి. ముక్కలు కొయ్యకండి, కారిపోతుంది. పైపెచ్చును మూతలా కోసి, చెంచాతో తీసుకుని, రొట్టెమీద రాసుకుని, మళ్ళీ మూత పెట్టెయ్యాలి. పచ్చిపాలతో చేసింది కాబట్టి గర్భిణులకీ పసిపిల్లలకీ మాత్రం పెట్టకండి.