సిగ్గుపడి దాచవలసిన జబ్బు కాదు

మూత్రవిసర్జన చేయగానే గుండె దడ, విపరీతమైన తలనొప్పి, చెమటలు, కళ్లు తిరగడం! మన పల్లెల్లో ఈ మాట పైకి చెప్పడానికి ఆడవారే కాదు, మగవారూ సిగ్గుపడతారు. చెప్పినా “బీ.పీ. అయి ఉంటుంది” అంటారు. ఉద్దానం వైపైతే కిడ్నీ జబ్బే అనుకుంటారు. కాని ఇది మూత్రకోశంలో పుట్టే ఒక అరుదైన గడ్డకు గుర్తు కావచ్చు.

దీని పేరు పారాగాంగ్లియోమా. మూత్రకోశపు గడ్డలు వెయ్యింటిలో ఒకటి కూడా ఇది ఉండదు. బీ.పీ.ని పెంచే హార్మోన్లను ఇది తయారు చేస్తుంది. మూత్రకోశం ముడుచుకున్నప్పుడు గడ్డ నొక్కుకొని, అవి ఒక్కసారిగా రక్తంలో కలుస్తాయి. కొందరికి మూత్రంలో రక్తం కూడా పడుతుంది.

ఈ లక్షణాలను డాక్టరుకు చెప్పకపోవడమే పెద్ద ప్రమాదం. ముందు తెలియకుండా గడ్డను కదిలిస్తే బీ.పీ. పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. తెలిస్తే 24 గంటల మూత్రం పట్టి పరీక్షిస్తారు, స్కానింగ్ తీస్తారు. ఒకటి రెండు వారాలు బీ.పీ.ని అదుపు చేసే మందులిచ్చి, ఆ తరువాతే ఆపరేషన్ చేస్తారు.

మామూలు గడ్డలను మూత్రమార్గం గుండా గొట్టం పంపి తీస్తారు. ఈ గడ్డ తరచు కండరంలో నాటుకొని ఉంటుంది గనుక, ఆ భాగాన్ని కోసి తీసి మిగిలిన సంచిని కుట్టాలి. పూర్వం దీనికి పొట్ట కోసేవారు. రోబో పద్ధతిలో కొన్ని చిన్న రంధ్రాలు చాలు. రోబో తనంతట తాను కోయదు. సర్జన్ కూర్చొని, లోపలి భాగాన్ని పెద్దదిగా చూస్తూ, యంత్రపు చేతులను తానే నడుపుతాడు. రక్తం తక్కువ పోతుంది, రోగి త్వరగా కోలుకుంటాడు.

ఈ విద్య ఎదుగుదలలో మన తెలుగువారి చేయి ఉంది. రాజ్ వట్టికూటి విరాళంతో 2001లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఏర్పడిన యూరాలజీ సంస్థకు డాక్టర్ మణి మీనన్ సారథ్యం వహించారు. మూత్రకోశ క్యాన్సర్‌కు రోబో ఆపరేషన్ పద్ధతిని ఆయన బృందం 2003లో ప్రచురించింది.

అయితే ప్రతి గడ్డకూ రోబో అక్కరలేదు, ఖర్చూ ఎక్కువే. యంత్రం కంటే అనుభవమున్న చేయి ముఖ్యం. పొలం తాకట్టు పెట్టేముందు విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలోనో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో సలహా అడగండి. ఆపరేషన్ అయ్యాక కూడా ఏటేటా పరీక్షలు మానకూడదు. ఈ గడ్డ మళ్లీ రావచ్చు. కొన్ని కుటుంబాల్లో రక్తసంబంధీకులకూ రావచ్చు.

చుట్ట, బీడీ తాగేవారికి మరొక మాట. అడ్డచుట్ట అంగిలిని పాడుచేస్తుందని మన జిల్లాల్లో అందరికీ తెలుసు. పొగాకు విషం మూత్రంలోకి దిగి మామూలు మూత్రకోశ క్యాన్సర్‌కూ దారితీస్తుంది. నొప్పి లేకుండా ఒక్కసారే రక్తం పడి ఆగినా, ఆగిపోయిందిలే అని ఊరుకోకండి. ఇంట్లోవారికి చెప్పండి, ఆ వారమే డాక్టరును కలవండి.