విదేశీ చదువుకు తొలి మెట్టు పదో తరగతి మెమో
అడ్మిషన్ వచ్చాక కాగితాలు చూసుకోవచ్చులే అనుకుంటే సీటున్నా విమానం ఎక్కలేరు. పాస్‌పోర్టులో పేరు, బ్యాంకులో సొమ్ము, దరఖాస్తులో నిజం... ఈ మూడూ ముందే సరిచూసుకోవాలి.

పదో తరగతి మెమోలో కె. వెంకట సాయి తేజ. ఆధార్‌లో కొత్తపల్లి సాయితేజ. పాన్ కార్డులో సాయి తేజ వెంకట కొత్తపల్లి. ఇంజనీరింగ్ డిగ్రీలో కె.వి. సాయి తేజ. ఊళ్లో ఎవరినడిగినా ఇదంతా ఒక్క కుర్రాడేనని చెబుతారు. పాస్‌పోర్టు కార్యాలయానికి, రుణమిచ్చే బ్యాంకుకు, వీసా అధికారికి మాత్రం వీళ్లు నలుగురు. ఇది కల్పించి చెప్పిన ఉదాహరణే. కానీ ఇలాంటి కాగితాలున్న ఇల్లు తెలుగునాట ఏ వీధిలో వెతికినా దొరుకుతుంది.

విదేశీ చదువుల కోసం బయల్దేరుతున్న వారి సంఖ్య చూస్తే సమస్య ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఒక్క అమెరికాలోనే 2023-24 విద్యా సంవత్సరంలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. చైనాను వెనక్కి నెట్టి భారత్ మొదటి స్థానానికి చేరింది ఆ ఏడాదే. 2024-25లో ఆ సంఖ్య 3,63,019కి పెరిగింది. వీరిలో తెలుగువారి వాటా ఎక్కువన్నది తెలిసిందే. హైదరాబాద్ శివార్లలోని చిలుకూరు బాలాజీకి 'వీసా బాలాజీ' అనే పేరు ఊరికే రాలేదు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. జీఆర్ఈకి, ఐఈఎల్‌టీఎస్‌కు నెలల తరబడి కష్టపడే విద్యార్థులు, ప్రదక్షిణలకు కూడా తీరిక చేసుకునేవారు, తమ కాగితాలన్నీ ఒకచోట పెట్టి చూసుకోవడానికి మాత్రం ఒక్క పూట కేటాయించరు.

ఇంటిపేరుతో తంటా

తెలుగు పేర్లకూ పాస్‌పోర్టుకూ మొదటి నుంచీ పొసగదు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పైగా ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టడం బడిలో చేర్చిన రోజు నుంచే అలవాటు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, అసలు పేరుకు మరో గడి విడిగా ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరును రెండో గడిలో నింపేసేవారు చాలామంది. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా వస్తే ఉన్న పేరంతా ఇంటిపేరుగా మారిపోతుంది. అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్ఎన్‌యు' అని పడుతుంది. పేరు తెలియదని చెప్పే పొడి అక్షరాలవి. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు, డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునేటప్పుడు ఈ మూడక్షరాలు వెంటాడుతూనే ఉంటాయి. ఒకే పేరున్న పాస్‌పోర్టులతో సందర్శక వీసాలపై వచ్చేవారిని అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబర్‌లో ప్రకటించడంతో ఎందరో ప్రయాణికులు ఇరుకున పడ్డారు.

దిద్దుబాటు ఎక్కడ మొదలుపెట్టాలన్నది అసలు ప్రశ్న. చదువుకు సంబంధించినంత వరకు మూలం పదో తరగతి మెమో. ఆ తర్వాతి సర్టిఫికెట్లన్నీ దాన్ని అనుసరించేవే. మెమోలోనే తప్పుంటే చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుడి ద్వారా పరీక్షల విభాగానికి దరఖాస్తు చేసుకోవాలి. ఇది వారంలో తేలే పని కాదు. మెమో సరిగా ఉండి ఆధార్, పాన్ తేడాగా ఉంటే వాటినే మెమోకు తగ్గట్టు మార్చుకోవడం తేలిక. పొడి అక్షరాన్ని విడదీసి ఇంటిపేరు పూర్తిగా రాయించుకోవాలన్నా పాస్‌పోర్టుకు ముందే ఆ పని కావాలి. పేరు మొత్తంగా మార్చుకోవాలంటే ప్రమాణపత్రం, పత్రికా ప్రకటనలు లేదా గెజిట్ ప్రకటన దాకా వెళ్లాల్సి వస్తుంది.

పుట్టిన తేదీ రుజువు విషయంలోనూ నిబంధన మారింది. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవారికి జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. అంతకు ముందు పుట్టినవారికి, అంటే ఇప్పుడు కాలేజీల్లో ఉన్నవారందరికీ, మెమో సహా ఇతర పత్రాలు పనికొస్తాయి.

పాస్‌పోర్టు ఎప్పుడు?

డిగ్రీ చివరి ఏడాది మొదలయ్యేనాటికి పాస్‌పోర్టు చేతిలో ఉంటే మంచిది. జీఆర్ఈ, టోఫెల్ వంటి పరీక్షలకు కూడా గుర్తింపు పత్రంగా పాస్‌పోర్టే కావాలి. పెద్దలకు 36 పేజీల పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు, 60 పేజీలదైతే 2,000. తత్కాల్‌కు మరో 2,000 అదనం. పాస్‌పోర్టు సేవా కేంద్రాలకు తోడు 2017 నుంచి తపాలా కార్యాలయాల్లోనూ కేంద్రాలు వెలిశాయి. దాంతో జిల్లాలవారికి హైదరాబాద్, విశాఖపట్నం ప్రయాణాలు తగ్గాయి.

చిన్నప్పుడే పాస్‌పోర్టు తీసుకున్నామన్న ధీమా కొందరిది. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లుతుంది. పిల్లలదానికి ఐదేళ్లే గడువు. అందులోని ఫోటో, సంతకం, చిరునామా కూడా పాతబడిపోతాయి. కోర్సు మధ్యలో గడువు ముగిసే పాస్‌పోర్టుతో బయల్దేరితే పరాయి దేశంలో భారత కాన్సులేట్ చుట్టూ తిరగాల్సివస్తుంది.

పోలీసు విచారణ మరో దశ. హాస్టల్‌లో ఉంటూ సొంతూరి చిరునామా ఇస్తే విచారణకు వచ్చిన రోజు విద్యార్థి అక్కడ ఉండడు. ప్రస్తుతం ఎక్కడుంటున్నారో ఆ చిరునామా ఇవ్వాలి. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం కింద దరఖాస్తును తిరస్కరించవచ్చు. కేసున్న కోర్టు నుంచి అనుమతి తెచ్చుకుంటే దారి ఉంటుంది. దాచిపెడితే మాత్రం అదే మరో నేరమవుతుంది.

దేశానికో లెక్క

హైదరాబాద్‌లో 2008లో అమెరికన్ కాన్సులేట్ తెరవడానికి ముందు తెలుగు విద్యార్థులు వీసా కోసం చెన్నై రైలెక్కేవారు. ఇప్పుడు కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలో ఉంది. దూరం తగ్గింది కానీ మెట్లు తగ్గలేదు. యూనివర్సిటీ నుంచి ఐ-20 పత్రం రావాలి. సెవిస్ రుసుము 350 డాలర్లు కట్టాలి. డీఎస్-160 దరఖాస్తు నింపాలి. వీసా రుసుము 185 డాలర్లు చెల్లించి, వేలిముద్రలిచ్చి, ఇంటర్వ్యూకు వెళ్లాలి. చదువు మొదలయ్యే తేదీకి ఏడాది ముందు నుంచే ఎఫ్-1 వీసా ఇస్తారు. అమెరికాలో అడుగుపెట్టేది మాత్రం 30 రోజుల ముందు నుంచే.

ఆలస్యం ఎంత ఖరీదైనదో 2025 వేసవి చూపించింది. మే 27న విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలివ్వడం ఆపేశారు. జూన్ 18న తిరిగి మొదలుపెడుతూ, దరఖాస్తుదారులు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న షరతు పెట్టారు. ఆగస్టులో తరగతులకు హాజరు కావాల్సినవారికి ఆ మూడు వారాలు మూడేళ్లలా గడిచాయి.

మిగతా దేశాల్లో ఇంటర్వ్యూ కన్నా డబ్బు రుజువుకే ప్రాధాన్యం ఎక్కువ. కెనడాలో ఒంటరి విద్యార్థి ఫీజు, ప్రయాణ ఖర్చులు కాక 22,895 కెనడా డాలర్లు చూపించాలన్నది 2025 సెప్టెంబర్ 1 నుంచి నిబంధన. త్వరగా వీసాలిచ్చే ఎస్‌డీఎస్ పద్ధతిని ఆ దేశం 2024 నవంబర్‌లోనే ఎత్తేసింది. బ్రిటన్‌లో నిర్ణీత మొత్తం ఖాతాలో వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. 27వ రోజున ఏటీఎంలో తీసిన చిన్న మొత్తం కూడా దరఖాస్తును దెబ్బతీయవచ్చు. జర్మనీకైతే 2022 నవంబర్ నుంచి సర్టిఫికెట్లను సరిచూసే ఏపీఎస్ ధ్రువపత్రం తప్పనిసరి. దానికితోడు ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో జమచేయాలి. ఈ అంకెలు తరచూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి. నిరుడు వెళ్లిన సీనియర్ చెప్పిన లెక్క ఈ ఏడాది చెల్లకపోవచ్చు.

అప్పు తెచ్చిన బ్యాలెన్స్

అసలు ప్రమాదం ఉన్నది ఇక్కడే. కమిషన్ తీసుకుని కొద్ది వారాలపాటు ఖాతాలో లక్షలు చూపించే దళారులున్నారు. అనుభవ పత్రాలు తయారుచేసి పెట్టేవారూ ఉన్నారు. అమెరికాలో 214(బి) సెక్షన్ కింద వీసా తిరస్కరిస్తే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. తప్పుడు పత్రం పెట్టారని తేలితే మాత్రం ఆ దేశ ప్రవేశానికి శాశ్వత అనర్హత పడుతుంది. బ్రిటన్‌లో అలాంటి మోసానికి పదేళ్ల నిషేధం విధిస్తారు. తిరస్కరణ వల్ల ఒక సెమిస్టర్ పోతుంది, అబద్ధంతో ఆ దేశమే దూరమవుతుంది.

వీసా వచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదన్నది గత అనుభవాలు చెబుతున్న పాఠం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీపై అధికారులు దాడి చేసినప్పుడు చిక్కుకున్న విద్యార్థుల్లో అత్యధికులు నాటి ఆంధ్రప్రదేశ్‌వారే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. యూనివర్సిటీ నిర్వాహకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీనైతే అమెరికా ప్రభుత్వమే వలగా పన్నింది. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. కెనడాలో నకిలీ అడ్మిషన్ లేఖల వ్యవహారం 2023లో రచ్చకెక్కింది. ఎక్కువగా పంజాబ్‌కు చెందిన ఆ విద్యార్థుల్లో పలువురు కొన్నేళ్ల కిందటే ఆ దేశం చేరినవారు. స్థిర నివాసం కోసం దరఖాస్తు చేసినప్పుడే పాత లేఖ నకిలీదని తెలిసింది. ఏజెంటును నమ్మామన్న మాట వారిని తేలిగ్గా బయటపడేయలేదు.

అందుకే కన్సల్టెన్సీ సాయం తీసుకున్నా కొన్ని పనులు విద్యార్థి తానే చేసుకోవాలి. అడ్మిషన్ లేఖ నిజమైనదో కాదో యూనివర్సిటీకే నేరుగా ఈమెయిల్ రాసి తెలుసుకోవాలి. దరఖాస్తుకు ఇచ్చే ఈమెయిల్, పాస్‌వర్డ్ తన చేతిలోనే ఉండాలి. డీఎస్-160 ఎవరు నింపినా పంపే ముందు ప్రతి గడీ చదవాలి. చదువుకు పెట్టే డబ్బు ఎక్కడిదో తండ్రికి, కొడుక్కి ఒకేలా తెలిసుండాలి. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన రుణమైతే అదే చెప్పాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, వీసా అధికారికి కావలసింది నమ్మదగిన సమాధానం. దరఖాస్తును ఎవరు నింపినా అడుగున ఉండేది విద్యార్థి సంతకమే. తేడా వస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సిందీ ఆ విద్యార్థే.