డ్రయర్ ఆగిపోయింది, వాన ఆగడం లేదు.. బట్టలు ఆరేదెలా?

గురువారం రాత్రి ఉతికిన తెల్ల కుర్తా శుక్రవారం జుమా వేళకి కూడా తడిగానే ఉంటే ఇంట్లో ఎంత గొడవ అవుతుందో వానాకాలంలో ప్రతి కుటుంబానికీ తెలిసిందే. పిల్లల యూనిఫాం ఒక పక్క, అమ్మీ బుర్ఖా ఒక పక్క, నానీమా దుప్పట్లు ఇంకో పక్క. హాల్లో తాడు కట్టి ఆరేస్తే మనుషులు తల వంచుకుని తిరగాలి. సరిగ్గా ఇలాంటి రోజుల్లోనే వాషింగ్ మిషన్ డ్రయర్ మొరాయిస్తుంది. దీన్ని నజర్ తగలడం అనుకోనక్కర్లేదు. ముసురు పట్టినప్పుడు డ్రయర్ వాడకం పెరుగుతుంది, దుప్పట్లు కూడా అందులోనే కుక్కుతాం. అప్పటికే అరిగి ఉన్న పార్టు అప్పుడే చేతులెత్తేస్తుంది.

ముందు ఒక సంగతి. మన ఇళ్లల్లో చాలామంది డ్రయర్ అనేది సెమీ ఆటోమేటిక్ మిషన్‌లోని రెండో టబ్బుని. అది బట్టల్ని వేడి చేయదు. నిమిషానికి సుమారు 1300 చుట్లు తిప్పి నీళ్లని బయటికి చిమ్ముతుంది, అంతే. ఆ తర్వాత ఆరబెట్టే పని గాలిదే. గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ ఉన్న మనవాళ్లు డ్రయర్ అంటే వేడిగాలితో పూర్తిగా ఆరబెట్టే మిషన్. రెండింటి రిపేర్లు వేరు, ప్రమాదాలూ వేరు.

ఏం పోయిందో శబ్దమే చెబుతుంది

ఏం చూడాలన్నా ముందు ప్లగ్ తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ చేతిలోకి రావాలి.

టైమర్ తిప్పినా డ్రయర్ నుంచి ఏ శబ్దమూ రాకపోతే మొదటి అనుమానం మూత మీదే. మూత సరిగ్గా పడితేనే కరెంటు అందేలా దాని కింద ఒక చిన్న స్విచ్ ఉంటుంది. మూత వంగినా, కీలు విరిగినా ఆ స్విచ్ నొక్కుకోదు. అది కాకపోతే టైమర్ గానీ, లోపలి వైరు గానీ చూడాలి. చుట్టుపక్కల ఎలుకలు తిరుగుతుంటే వైర్లు కొరికి ఉండొచ్చు.

మోటారు మూలుగుతోంది, టబ్బు మాత్రం తిరగడం లేదంటే కెపాసిటర్ బలహీనపడి ఉండాలి, లేదా బ్రేక్ పట్టేసి ఉండాలి. ఇంకో చిన్న కారణం కూడా ఉంటుంది: ఒక సాక్సో, చేతిరుమాలో, పిల్లల టోపీయో పైనుంచి జారి లోపలి బుట్టకీ బయటి టబ్బుకీ మధ్య ఇరుక్కుంటుంది. ప్లగ్ తీసి బుట్టని చేత్తో తిప్పి చూస్తే ఎక్కడో పట్టేసినట్టు తెలుస్తుంది. అందుకే బట్టలు వేశాక పైన ప్లాస్టిక్ మూత నొక్కి పెట్టమంటారు. మనలో సగం మంది దాన్ని కొన్న వారంలోనే ఎక్కడో పడేస్తాం.

డబడబా కొట్టుకుంటూ మిషన్ మొత్తం ఊగిపోతే సాధారణంగా బట్టలు ఒక వైపే పడ్డాయని అర్థం. తీసి గుండ్రంగా సర్దితే సరిపోతుంది. సర్దినా ఊగుతుంటే కింద స్ప్రింగులు చూపించాలి.

తేలిగ్గా తీసుకోకూడనిది నీళ్లు కారడం. డ్రయర్ కింద రబ్బరు సీలు అరిగితే నీళ్లు నేరుగా మోటారు మీద పడతాయి. మిషన్ ముట్టుకుంటే జిల్లుమంటే మాత్రం ఇంకొక్కసారి కూడా ఆన్ చేయకూడదు. ఎర్తింగ్ సరిగ్గా లేదని, కరెంటు బాడీకి వస్తోందని దాని అర్థం. చెప్పులు వేసుకుని వాడితే ఏమీ కాదులే అనే మాట చాలా ఇళ్లల్లో వినిపిస్తుంది. తడి నేల మీద ఆ మాట నమ్మడం ప్రాణాలతో ఆట.

వెనక ప్లేటు విప్పే పని ఇంట్లోవాళ్లు పెట్టుకోకపోవడమే మంచిది. ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉండి షాక్ కొట్టవచ్చు. అలాగే మూత స్విచ్ పోతే దాన్ని తీసేసి వైర్లు డైరెక్ట్‌గా కలిపేసే మెకానిక్కులు ఉంటారు. తక్కువలో అయిపోతుంది నిజమే. కానీ ఆ తర్వాత మూత తెరిచినా టబ్బు తిరుగుతూనే ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అలా చేయించుకోవద్దు. కొత్త స్విచ్చే వేయించండి. మూత తెరిచాక టబ్బు కొన్ని సెకండ్లలో ఆగిపోవాలి, ఆగకపోతే బ్రేక్ కూడా మార్పించాలి.

మెకానిక్‌ని పిలిచే ముందు

వారంటీ కార్డు తీసి చదవండి. చాలా కంపెనీలు మిషన్‌కి ఒక గడువు, మోటారుకి అంతకంటే ఎక్కువ గడువు ఇస్తాయి. ఆ మోటారు అంటే ఉతికే వైపుదా, డ్రయర్‌దా, రెండూనా అన్నది కార్డులోనే ఉంటుంది. షాపువాడు నోటితో చెప్పిందానికి విలువ లేదు.

కస్టమర్ కేర్ నంబర్ కోసం ఇంటర్నెట్‌లో వెతికి, ముందు కనిపించిన దానికి ఫోన్ చేసేవాళ్లే మోసగాళ్లకి దొరుకుతున్నారు. అవతలివాడు మర్యాదగా మాట్లాడతాడు, పది రూపాయలు కట్టి కంప్లయింట్ రిజిస్టర్ చేసుకోండి అంటూ లింకు పంపుతాడు, లేదా ఫోన్ స్క్రీన్ కనిపించే యాప్ వేసుకోమంటాడు. తర్వాత ఖాతా ఖాళీ. నంబర్ మిషన్ మీద స్టిక్కర్ నుంచో, వారంటీ కార్డు నుంచో, బిల్లు నుంచో తీసుకోవాలి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం.

వారంటీ ఉన్నా కంపెనీ తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. కొన్న వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. సమస్య మొదలైన రోజు నుంచి 2 ఏళ్ల లోపు వెళ్లాలి. బిల్లు లేకపోతే మాత్రం వాదన బలహీనపడుతుంది. కాబట్టి కొన్న రోజే బిల్లుని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి, ఆ కాగితం మీద అచ్చు ఏడాదిలోపే చెరిగిపోవచ్చు.

వారంటీ అయిపోయిన మిషన్‌కి లెక్క సింపుల్. స్విచ్, కెపాసిటర్, సీలు లాంటివి పోతే రిపేరు చేయించడమే లాభం. మోటారు పోయి, కొత్త మిషన్ ధరలో సగం అడుగుతుంటే ఆలోచించాలి. ఎలా చేయించినా పాత పార్టు చూపించమనండి, రాసి ఇవ్వమనండి.

పిండడంలోనే ఉంది అసలు లెక్క

ఈలోగా బట్టలు ఆరాలి కదా. ఇక్కడ కొంచెం లెక్క చూస్తే ఏం చేయాలో అర్థమవుతుంది. 5 కిలోల కాటన్ బట్టల్ని చేత్తో పిండాక కూడా వాటిలో సుమారు అంతే బరువు నీళ్లుంటాయి. డ్రయర్ తిప్పితే అది దాదాపు సగానికి తగ్గుతుంది. 150 వాట్ల మోటారు 5 నిమిషాలు తిరిగితే అయ్యే కరెంటు యూనిట్‌లో 80వ వంతు. అదే ఒక లీటరు నీళ్లని ఆవిరి చేయాలంటే సుమారు 0.65 యూనిట్‌కి సమానమైన వేడి కావాలి. అంటే నీళ్లని పిండి తీయడం చాలా చవక, ఆవిరి చేయడం చాలా ఖరీదు. డ్రయర్ లేనప్పుడు కష్టపడాల్సింది పిండే దగ్గరే.

దుప్పట్లు, జీన్సులు ఇద్దరు చెరో కొస పట్టుకుని మెలితిప్పాలి. మెలితిప్పకూడని బుర్ఖాలు, దుపట్టాలు, రాళ్లు కుట్టిన సూట్లు ఉంటాయి. వాటిని పొడి టవల్ మీద పరిచి, టవల్‌తో పాటు చుట్టి, మీద మోకాలితో నొక్కితే నీళ్లన్నీ టవల్ లాగేసుకుంటుంది. ఉతికిన వెంటనే ఆరేయకుండా కుళాయికో కమ్మీకో అరగంట వేలాడదీస్తే కింది కొసకి నీళ్లు దిగుతాయి, ఆ కొసని మళ్లీ పిండాలి. పక్కింటి ఖాలా దగ్గర మిషన్ ఉంటే పది నిమిషాలు డ్రయర్ అడగడంలో సిగ్గేమీ లేదు. కిలో లెక్కన ఉతికిచ్చే లాండ్రీలు ఇప్పుడు చాలా పేటల్లో ఉన్నాయి, దుప్పట్లు మాత్రం వాళ్లకిచ్చి మిగతావి ఇంట్లో చూసుకోవచ్చు. డ్రయర్ ఒక్కటే ఉండే చిన్న మిషన్లూ అమ్ముతారు. ఉతికే వైపు బాగానే పనిచేస్తుంటే మొత్తం మిషన్ మార్చే ముందు వాటిని ఒకసారి చూడండి.

తర్వాత గాలి. తలుపులు కిటికీలు మూసి ఫ్యాన్ వేస్తే బట్టల్లోని నీళ్లు గదిలోనే తిరుగుతాయి. ఒక కిటికీ, ఎదురుగా ఒక తలుపు తెరిచి ఫ్యాన్ వేయాలి. 75 వాట్ల ఫ్యాన్ 10 గంటలు తిరిగితే ముప్పావు యూనిట్, అది పెద్ద ఖర్చు కాదు. బట్టకీ బట్టకీ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి. కుర్తాలు, చొక్కాలు హ్యాంగర్‌కి వేస్తే లోపలికి కూడా గాలి వెళుతుంది. జీన్సు తిరగేసి నడుము దగ్గర క్లిప్పులతో తెరిచి ఉంచాలి. తాడు లాగితే పైకి వెళ్లే సీలింగ్ హ్యాంగర్లు పాతబస్తీ చిన్న ఇళ్లకి బాగా పనికొస్తాయి, వేడి గాలి పైనే ఉంటుంది కాబట్టి కొంచెం తొందరగా కూడా ఆరుతాయి.

ఒక్క ఉతుకులో మూడు నాలుగు లీటర్ల నీళ్లు గది గాలిలో కలుస్తాయి. దమ్ము ఉన్నవాళ్లు, పసిపిల్లలు పడుకునే గదిలో ఆరేయవద్దు. గోడలకి బూజు పడుతుంది, ఆయాసం ఎక్కువవుతుంది. ఫ్రిజ్ వెనకా, గ్యాస్ పొయ్యి పైనా, రూమ్ హీటర్ మీదా బట్టలు ఆరేయడం ఎప్పుడూ వద్దు.

ఇనుప తీగ దండెం తీసేయండి

ప్రతి వానాకాలం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ వార్త వస్తూనే ఉంటుంది: బట్టలు ఆరేస్తుండగా కరెంటు షాక్, కాపాడబోయిన వాళ్లు కూడా మృతి. కారణం చాలాసార్లు ఒకటే. ఇనుప తీగ దండెం రేకుల షెడ్డుకో, స్తంభానికో కట్టి ఉంటుంది. ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరు తొడుగు చిరిగి ఆ రేకుకో తీగకో తగులుతుంది. ఎండాకాలం ఏమీ తెలియదు. వానకి అంతా తడిసి, తడి బట్టతో తడి చేయి తగలగానే ప్రాణం పోతుంది.

నైలాన్ తాడు కొన్ని పదుల రూపాయల్లో వస్తుంది. ఈరోజే మార్చండి. సర్వీసు వైరు చిరిగి కనిపిస్తే 1912కి చెప్పాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టిస్తే కరెంటు లీకైన వెంటనే ఆగిపోతుంది. ఎవరైనా షాక్‌కి గురైతే ముట్టుకోవద్దు, ముందు మెయిన్ ఆపి, తర్వాత 108కి ఫోన్ చేయాలి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి ఇంకో సమస్య. బాల్కనీలో బట్టలు ఆరేయవద్దని దుబాయ్ మున్సిపాలిటీ హెచ్చరించింది కూడా. గదిలో స్టాండు మీద ఆరేసి, ఏసీని డ్రై మోడ్‌లో పెడితే తేమ లాగేస్తుంది. వేడిగాలి డ్రయర్ ఉన్నవాళ్లు ప్రతిసారీ జాలీలోని నూగు తీసేయాలి. నూగు నిండితే బట్టలు ఆరవు, మిషన్ వేడెక్కి ఆగిపోతుంది. నూగుకి నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది.

తడి బట్టలతో నమాజ్?

డ్రయర్ లేక బట్ట పూర్తిగా ఆరలేదు, నమాజ్ అవుతుందా అని చాలామంది ఆడవాళ్లు సందేహపడతారు. బట్ట పాక్‌గా ఉండటం షరతు, పొడిగా ఉండటం కాదు. పాక్‌గా ఉతికిన బట్ట తడిగా ఉన్నా పాకే. హనఫీ ఫిఖ్‌హ్‌లో కంటికి కనిపించని నజాసత్‌కి మూడుసార్లు కడిగి ప్రతిసారీ పిండాలంటారు. ఆ పిండడం చేత్తో అయినా సరే. పిండలేని మందపాటి జానమాజ్, రజాయి లాంటివైతే ప్రతిసారీ నీటి చుక్కలు ఆగేదాకా వదలాలి. సెమీ ఆటోమేటిక్‌లో ఒకే నీళ్లల్లో అన్నీ వేసేవాళ్లు పసిపిల్లల బట్టల్ని ముందే వేరుగా జాడించి వేయడం మంచిది. ఇంకా సందేహం ఉంటే మస్జిద్‌లో ముఫ్తీ సాబ్‌ని అడగండి.

ఇక జుమా కుర్తా సంగతి. గురువారం అసర్ లోపే ఉతికి, టవల్‌లో చుట్టి నొక్కి, హ్యాంగర్‌కి వేసి రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచితే పొద్దున్నకి కాలరు, కుట్లు తప్ప మిగతాదంతా ఆరిపోతుంది. ఆ కాలరుని తిరగేసి ఇస్త్రీ చేసి, వెంటనే తొడుక్కోకుండా పావుగంట గాలికి వదలండి.