విస్తరణ క్షేత్రవాహనంలో రెండవ బ్యాటరీ: తిరువూరు ప్రాంత అవసరాల దృష్ట్యా ఒక పరిశీలన

ఎన్టీఆర్ జిల్లా ఉత్తరపు అంచున, ఖమ్మం జిల్లాను ఆనుకొని ఉన్న తిరువూరు ప్రాంతంలో మామిడి, పత్తి, మిరప విస్తారంగా సాగవుతాయి. రైతులు పగలంతా తోటల్లోనో చేలల్లోనో ఉంటారు కనుక విస్తరణ సమావేశాలకు అనువైన వేళ సాయంకాలమే. మామిడి పూతపై తేనెమంచు పురుగును గుర్తించే విధానం తెరపై చూపడానికి చీకటి కూడా కలిసివస్తుంది. అయితే ప్రొజెక్టరుకు, మైకుకు, దీపాలకు, జీవ నియంత్రణ కల్చర్లను చల్లగా ఉంచే పెట్టెకు కావలసిన విద్యుత్తు చాలాచోట్ల జీపు నుంచే అందాలి. ఇంజను ఆపి రెండు గంటలు వీటిని నడిపితే సమావేశం సాఫీగా ముగుస్తుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం సెల్ఫ్ తిరగదు. తోటల నడుమ మట్టిబాటలో, రాత్రివేళ, తోసే మనుషులు కూడా ఇళ్లకు చేరిన తరువాత ఈ సంగతి తెలుస్తుంది.

ఇంజనును ప్రారంభించే బ్యాటరీలో పలుచని పలకలు ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. కొన్ని క్షణాలపాటు వందల ఆంపియర్లు ఇవ్వడానికే అది తయారైంది. గంటల తరబడి విద్యుత్తు తోడితే పలకలపై సల్ఫేటు గట్టిపడి దాని ఆయువు తగ్గుతుంది. లోతుగా వాడుకోవడానికి మందమైన లేదా ట్యూబులర్ పలకల బ్యాటరీ వేరుగా ఉండాలి.

దాని సామర్థ్యాన్ని అంచనాతో కాక లెక్కతో నిర్ణయించాలి. ప్రొజెక్టరు 150 వాట్లు, మైకు 50, దీపాలు 40, మొత్తం 240 వాట్లు అనుకుందాం. ఇన్వర్టరులో 15 శాతం నష్టం పోను బ్యాటరీ నుంచి సుమారు 23.5 ఆంపియర్లు తీసుకుంటాయి. రెండు గంటలకు 47 ఆంపియర్-గంటలు. చల్లని పెట్టె సగటున 2 ఆంపియర్ల చొప్పున ఆరు గంటలు నడిస్తే మరో 12. ఈ 59 ఆంపియర్-గంటలు సగం సామర్థ్యాన్ని మించకూడదు కనుక 120 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీ అవసరం.

రెండు బ్యాటరీలను తీగతో నేరుగా కలిపి వదిలేస్తే రెండూ కలిసే ఖాళీ అవుతాయి. వాటిని వేరుచేసే సాధనమే ఈ ఏర్పాటుకు ప్రాణం. పాత జీపులకు వోల్టేజిని గ్రహించే రిలే చాలు. ఆల్టర్నేటరు పనిచేస్తూ వోల్టేజి సుమారు 13.3కు చేరినప్పుడు అది రెండింటినీ కలుపుతుంది, 12.8కి పడిపోగానే విడదీస్తుంది. డయోడు వాడితే 0.6 నుంచి 0.7 వోల్టు అందులోనే పోతుంది కనుక రెండవ బ్యాటరీ నిండదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 వాహనాల్లో అనేకం ఇంధన పొదుపు కోసం ఆల్టర్నేటరు వోల్టేజిని తామే తగ్గించుకుంటాయి. వాటికి రిలే సరిపడదు. డీసీ-డీసీ ఛార్జరు పెట్టాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ ఎంచుకున్నా ఇదే మార్గం. లేకుంటే అది ఆల్టర్నేటరు తట్టుకోలేనంత విద్యుత్తును లాగవచ్చు.

సాధారణంగా ఖర్చంతా బ్యాటరీపై పెట్టి, తీగను చివర్లో, దుకాణంలో దొరికినదానితో సరిపెడతారు. ఇది తలకిందుల పద్ధతి. పోను నాలుగు, రాను నాలుగు, మొత్తం ఎనిమిది మీటర్ల రాగి తీగలో 40 ఆంపియర్లు పారినప్పుడు 6 చదరపు మి.మీ. తీగలో 0.9 వోల్టు పైగా పోతుంది. 25 చదరపు మి.మీ. తీగలో 0.22 వోల్టు మాత్రమే. ముందు 14.2 వోల్టులున్నా సన్నని తీగ చివర 13.3 మాత్రమే మిగిలితే బ్యాటరీ ఎన్నటికీ పూర్తిగా నిండదు. ఫ్యూజు విషయం ఇంతకంటే ముఖ్యం. ఈ తీగకు రెండు చివరలా విద్యుత్తు ఉంటుంది. కనుక రెండు బ్యాటరీల ధన ధ్రువాల వద్దా, వీలైనంత దగ్గరగా, తీగ భరించగల ఆంపియర్లకు మించని ఫ్యూజు ఒక్కొక్కటి ఉండాలి. ఒకవైపే ఉంటే, గతుకుల బాటలో ఛాసిస్ అంచుకు రాసుకొని తీగ తొడుగు తెగిన రోజు రెండవ వైపు బ్యాటరీ దానిని ఎర్రగా కాలుస్తుంది. అడుగున డీజిలు గొట్టం, వెలుపల ఎండుగడ్డి. తీగను రేకు రంధ్రం గుండా తీసే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

వేసవిలో బానెట్ కింది వేడికి రెండవ బ్యాటరీ త్వరగా చెడుతుంది. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే సీసపు బ్యాటరీ ఆయువు దాదాపు సగమవుతుందన్నది సాధారణ లెక్క. కనుక వెనుక భాగంలో, ఇనుప చట్రంలో బిగించడం మేలు. ఛార్జింగులో వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతానికి చేరితే అంటుకోగలదు కాబట్టి గాలి ఆడని పెట్టెలో ద్రవ ఆమ్లపు బ్యాటరీ పెట్టరాదు. బిగించే పనికి ముందు రుణ ధ్రువాన్ని మొదట విప్పి, చివర కలపాలి.

వాడిన విద్యుత్తును తిరిగి నింపడాన్ని చాలామంది మరచిపోతారు. 59 ఆంపియర్-గంటలు తీస్తే నష్టాలతో కలిపి సుమారు 70 తిరిగి ఇవ్వాలి. 20 ఆంపియర్ల ఛార్జరుతో అది మూడున్నర గంటలు. చివరి దశ నెమ్మదిస్తుంది కనుక ఇంకా ఎక్కువే. తిరువూరు నుంచి విజయవాడకు ఒకసారి వెళ్లినా అది పూర్తికాదు. పైకప్పుపై 100 వాట్ల సౌర పలక మంచి ఎండలో రోజుకు 25 ఆంపియర్-గంటలకు పైగా ఇవ్వగలదు. మిగిలినది రాత్రి కార్యాలయంలో మెయిన్స్ ఛార్జరుతో నింపాలి.

ఏర్పాటు పూర్తయ్యాక పరీక్ష సులభం. ఇంజను ఆపి, ప్రొజెక్టరును అరగంట నడిపి, రెండు బ్యాటరీల వోల్టేజినీ మల్టీమీటరుతో వేర్వేరుగా చూడాలి. వెనుకది తగ్గుతూ ఉండగా ముందుది 12.6 వద్ద నిలిస్తే రిలే విడిపోయింది. రెండూ కలిసి దిగుతుంటే ఆ వాహనాన్ని సాయంకాలపు సమావేశానికి ఇంకా పంపరాదు.