చలానా కట్టేముందు ఫొటో అడగండి

రాబర్ట్‌సన్‌పేటలో ఏ ఇంట్లోనైనా జరిగేదే ఇది. అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం, బండి అతని దగ్గర ఉంటుంది, ఆర్‌సీ మాత్రం నాన్న పేరు మీద ఉంటుంది. ఒక రోజు నాన్న ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఫలానా తేదీన, ఫలానా సిగ్నల్ దగ్గర హెల్మెట్ లేదు, రూ.500 కట్టండి అని. "ఆ రోజు బండి ఇంట్లోనే ఉంది కదా" అని ఒకరంటే, "ఐదొందల కోసం కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు, కట్టేయండి" అని ఇంకొకరు అంటారు. చివరికి కట్టేస్తారు.

తప్పు మనదైతే కట్టడమే న్యాయం. కానీ కట్టామంటే ఒప్పుకున్నట్టే. కెమెరా నంబరు ప్లేటును తప్పుగా చదవొచ్చు. ఇంగ్లీషు అక్షరం 'బి' ఎనిమిదిలా, 'ఓ' సున్నాలా కనిపించడం మామూలే. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. మన నంబరుతో దొంగ ప్లేటు వేసుకుని ఎవరైనా తిరుగుతుంటే ఈరోజు వచ్చింది హెల్మెట్ చలానా, రేపు రావచ్చేది యాక్సిడెంట్ కేసు. రూ.500 కట్టి ఊరుకుంటే ఆ సంగతి మనకు తెలియకుండానే పోతుంది. అందుకే కట్టేముందు ఆధారం చూడాలి. చూపించమని అడిగే దారి చట్టంలోనే ఉంది.

ముందు అది అసలు చలానాయేనా?

వాట్సాప్‌లో వచ్చిన లింకును నొక్కకండి. చలానా పేరుతో ఏపీకే ఫైలు పంపి బ్యాంకు ఖాతా ఖాళీ చేసే మోసాలు జరుగుతున్నాయి. కేంద్ర రవాణా శాఖ 'పరివాహన్' ఈ-చలాన్ సైటును మీరే తెరిచి బండి నంబరు కొట్టి చూడండి. అడ్రసు చివర 'గవ్ డాట్ ఇన్' ఉండాలి. బెంగళూరులో పడిన చలానాలను అక్కడి ట్రాఫిక్ పోలీసుల సైటులోనూ చూడొచ్చు. ఎక్కడా కనిపించకపోతే ఆ మెసేజ్ నమ్మదగింది కాదు.

కెమెరా చలానాలో ఏమేమి ఉండాలి?

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 136ఎ సెక్షన్ వచ్చింది. దాని కింద కేంద్రం 2021 ఆగస్టులో 167ఎ నిబంధనను తెచ్చింది. సీసీటీవీ, స్పీడ్ కెమెరా, స్పీడ్ గన్, పోలీసు ఒంటి మీద పెట్టుకునే కెమెరా, పోలీసు బండిలోని డ్యాష్ కెమెరా, ఇవన్నీ దాని కిందికి వస్తాయి. ఈ పరికరాలతో పట్టుకున్న ఉల్లంఘనకు ఇచ్చే చలానాలో ఇవి ఉండాలని ఆ నిబంధన చెబుతుంది:

ఉల్లంఘన, నంబరు ప్లేటు రెండూ స్పష్టంగా కనిపించే ఫొటో.

వేగం లాంటి కొలత ఏదైనా ఉంటే, పరికరం చూపించిన అంకె.

తేదీ, సమయం, స్థలం.

ఏ సెక్షన్‌ను ఉల్లంఘించారన్న వివరం.

ఆ ఎలక్ట్రానిక్ రికార్డు సరైనదని ధ్రువీకరించే సర్టిఫికెట్. పాత సాక్ష్య చట్టంలో ఇది 65బి సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్.

ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలి. పరికరానికి ఆమోద సర్టిఫికెట్ ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. చలానా తేలేదాకా రికార్డును భద్రపరచాలి. వీటిలో ఒకటి లోపించినంత మాత్రాన చలానా దానంతట అదే రద్దు కాదు. కానీ అధికారి ముందు, కోర్టులో గట్టిగా చెప్పుకోదగ్గ పాయింటు అవుతుంది.

వేగం కేసుల్లో ఇంకొకటి గుర్తుంచుకోండి. వేగాన్ని కొలిచే రాడార్ పరికరాలను తూనికలు కొలతల శాఖ తనిఖీ చేసి ముద్ర వేయాలన్న నిబంధనలు 2025 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కాబట్టి ఆ తనిఖీ సర్టిఫికెట్ కూడా అడగొచ్చు.

కెమెరా ఏదీ లేకుండా పోలీసు అక్కడికక్కడే ఆపి రాసిన చలానాకు ఫొటో ఉండకపోవచ్చు. అప్పుడు ఆ అధికారి మాటే సాక్ష్యం. ఆయన ఒంటి మీద కెమెరా ఉందేమో గమనించండి. ఉంటే ఆ వీడియో అడగండి.

ఎవరిని అడగాలి?

మన బండ్లకు కేఏ 08 నంబరు ఇచ్చిన ఆర్‌టీఓ ఆఫీసుకు వెళ్లి ఫొటో అడిగితే సాధారణంగా పని జరగదు. చలానా వేసిన వాళ్ల దగ్గరే ఆధారం ఉంటుంది. రాబర్ట్‌సన్‌పేట, అండర్సన్‌పేటల్లో పోలీసులు వేసిన చలానా అయితే కేజీఎఫ్ పోలీసు జిల్లా. ఇది కోలార్ జిల్లా పోలీసు నుంచి వేరు, దీనికి ఎస్పీ వేరే ఉన్నారు. అందుకే కోలార్ ఎస్పీ ఆఫీసుకు రాసిన లేఖ దారి తప్పుతుంది. బెంగళూరు సిగ్నల్ దగ్గర పడినదైతే బెంగళూరు ట్రాఫిక్ పోలీసులకు రాయాలి. చుట్టాల ఇంటికి కుప్పం వెళ్లినప్పుడు పడినదైతే ఆంధ్రప్రదేశ్ పోలీసులకు రాయాలి.

అడిగితే నిజంగా చూపిస్తారా అని అనుమానం రావచ్చు. 2022 అక్టోబరులో బెంగళూరులో ఒకాయన తనకొచ్చిన హెల్మెట్ చలానా ఫొటోలో తాను కనిపించడం లేదని, ఆధారం చూపించమని ట్విటర్‌లో ట్రాఫిక్ పోలీసులను అడిగారు. పోలీసులు ఆయన హెల్మెట్ లేకుండా బండి మీద ఉన్న ఫొటోనే అక్కడ పెట్టారు. ఆయన ఒప్పుకుని జరిమానా కడతానన్నారు. ఊరంతా నవ్వుకున్నారు గానీ, ఇందులో ఇద్దరూ తమ పని సరిగ్గానే చేశారు. అడిగే హక్కు ఆయనది, చూపించే బాధ్యత వాళ్లది. మీరు అడిగేముందు మాత్రం బండి ఆ రోజు ఎవరు నడిపారో ఇంట్లో ఒకసారి కనుక్కోండి.

లేఖలో ఏం రాయాలి?

లేఖ కన్నడలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. మనం ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, బడిలో కన్నడ చదివే పిల్లలు ఇంట్లో ఉంటారు, వాళ్లతో రాయించండి. విషయం ఇంతే:

"నా బండి నంబరు ఇది, చలానా నంబరు ఇది, తేదీ ఇది. ఈ ఉల్లంఘనను నేను ఒప్పుకోవడం లేదు. అసలు ఫొటో, వీడియో, పరికరం నంబరు, దాని ఆమోద సర్టిఫికెట్, ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ కాపీలు ఇప్పించండి. ఈ చలానా తేలేదాకా ఆ సమయపు ఫుటేజీని చెరపకుండా భద్రపరచండి."

చివరి వాక్యాన్ని మరచిపోకండి. సీసీటీవీ యంత్రాల్లో కొన్నాళ్లకు పాత వీడియో మీద కొత్తది రికార్డు అవుతుంది. అందుకని మెసేజ్ వచ్చిన వారంలోపే లేఖ ఇవ్వండి. నేరుగా ఇస్తే రెండో కాపీ మీద సీలు, సంతకం వేయించుకోండి. దూరమైతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

జవాబు రాకపోతే

సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు రూ.10, పోస్టల్ ఆర్డరుతో కట్టొచ్చు. కర్ణాటకలో ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది. కర్ణాటక నిబంధనల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి, మామూలుగా 150 మాటలు దాటకూడదు. రెండు చలానాలుంటే రెండు దరఖాస్తులు పెట్టడం మేలు. "నాకు న్యాయం చేయండి" అని రాయకండి, "ఫలానా ఫొటో కాపీ ఇవ్వండి" అని రాయండి. ఈ చట్టం ఉన్న రికార్డును ఇప్పిస్తుంది, తీర్పు ఇవ్వదు.

30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోయినా, కాదన్నా మరో 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేసుకోవచ్చు. దర్యాప్తుకు అడ్డొస్తుందని నిరాకరిస్తే ఎలా అడ్డొస్తుందో కారణం రాయాలి. ఫొటోలో వేరేవాళ్ల ముఖాలున్నాయంటే వాటిని కప్పేసి మిగతాది ఇవ్వమని పదో సెక్షన్ కింద అడగొచ్చు.

ఒక హెచ్చరిక. ఆర్‌టీఐ వేశాం కదా అని చలానా గడువు ఆగదు. నోటీసులో వేసిన తేదీలోపు మీ అభ్యంతరం విడిగా చెప్పాల్సిందే.

కోర్టుదాకా వెళ్తే

కేసు వర్చువల్ కోర్టుకు వెళ్తే ఆ సైటులో కడతారా, పోరాడతారా అని రెండు దారులు చూపిస్తుంది. పోరాడతానంటే మామూలు కోర్టుకు బదిలీ అవుతుంది. ఉల్లంఘన ఎక్కడ జరిగిందంటున్నారో ఆ ప్రాంతపు కోర్టుకే వెళ్లాలి. కేజీఎఫ్‌లో అయితే ఇక్కడి మేజిస్ట్రేటు కోర్టు. బెంగళూరులో అయితే రైలు ఛార్జీ, ఒక రోజు కూలి కూడా లెక్కలో వేసుకోండి.

కోర్టులో నేరం ఒప్పుకోనని చెప్పి, పోలీసులు ఆధారపడే కాగితాలన్నింటి కాపీలు అడగండి. ఫుటేజీ ఇవ్వలేదంటే దాన్ని తెప్పించమని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును కోరవచ్చు. నేరం రుజువు చేయాల్సింది వాళ్లే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. హెల్ప్‌లైన్ నంబరు 15100.

మన దగ్గర ఏముండాలి?

వాళ్ల ఆధారం అడుగుతూనే మన ఆధారం మనం చూసుకోవాలి. ఆ రోజు బండి షెడ్డులో ఉంటే మెకానిక్ బిల్లు, మీరు డ్యూటీలో ఉంటే హాజరు రికార్డు, కారైతే ఫాస్టాగ్ లెక్క. మీ బండి ముందు, వెనుక, పక్కల నుంచి ఫొటోలు తీసి చలానా ఫొటో పక్కన పెట్టి పోల్చండి. రంగు, అద్దాలు, గీతలు, సీటు కవరు చూడండి. బండి వేరని తేలితే చలానా రద్దుతో ఆగకండి. నంబరు దొంగతనంగా వాడుతున్నారని పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి.

బండి అమ్మేసినా చలానాలు మీకే వస్తున్నాయంటే ఆర్‌సీ మారలేదన్నమాట. రాష్ట్రంలోపల అమ్మితే 14 రోజుల్లోపు అమ్మినవాళ్లు కూడా ఆర్‌టీఓకు తెలియజేయాలి. బండి వేరేవాళ్లు నడిపితే, పోలీసులు అడిగినప్పుడు ఆ నడిపినవాళ్ల పేరు చెప్పడం 133వ సెక్షన్ కింద ఓనరు బాధ్యత.

కర్ణాటక ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో, మళ్లీ 2025 ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 12 వరకు పాత చలానాలపై సగం తగ్గింపు ఇచ్చింది. అలాంటి అవకాశం మళ్లీ వస్తే పాత బాకీ తీర్చుకోవడానికి మంచిదే. అప్పుడు కూడా జాబితాలోని ఒక్కో చలానా ఫొటో తెరిచి చూశాకే డబ్బు కట్టండి. ఫొటోలో మన బండి, మన మనిషి ఉంటే కట్టేయాలి. లేకపోతే సగం ధరకైనా ఆ తప్పు మనం కొనుక్కోనక్కర్లేదు.